నాయన పరుపు, చైనా తాతలు, నా ఉబ్బసం

ఆ రోజు పొద్దున నేను పొయ్యి ఊదలేకపోయాను.

డెబ్బైల చివరి సంవత్సరాలవి. ధర్మవరం రైల్వే క్వార్టర్సులో మాకొక గది, ఒక వంటిల్లు. కట్టెలు పేర్చి, పాలగిన్నె పెట్టి, ఊదుగొట్టం నోట్లో పెట్టుకున్నాను. గాలి రాలేదు. రొమ్ము నిండా గాలి ఉన్నట్టే ఉంది కానీ బయటికి పోనంటోంది. గట్టిగా ఊదబోతే లోపల ఎక్కడో పిల్లికూత వినిపించింది. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. అప్పుడు నాకు ఐదో నెల, తొలిచూలు.

మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, "ఏమైందే మాబున్నీ, పొయ్యి ఇంగా రాజెయ్యలేదా?" అన్నాడు.

ఊపిరాడలేదని చెప్పడానికి కూడా ఊపిరి కావాలి. చెయ్యి ఊపి ఊరుకున్నాను. కాసేపటికి దగ్గు వచ్చింది, బంకలాంటి కళ్లె పడింది, కొంచెం తేలికయింది.

"పొగ పట్టింది, అంతే. వదిలెయ్, దానంతట అదే పోతాది" అన్నాడాయన.

ఆ 'వదిలెయ్' అనే మాట వెనక పెద్ద కథ ఉంది. అది చెప్పకపోతే ఈ ఉబ్బసంలోకి చైనా ఎందుకొచ్చిందో మీకు అర్థం కాదు. మా ఆయన పేరు దస్తగిరి. ధర్మవరం జంక్షనులో పాయింట్స్‌మన్, బండ్లకు పట్టాలు మార్చే పని. రైలుకూ రైలుకూ మధ్య చదువుకోవడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి ఆయనకు. పాత పుస్తకాల బండి మీద అట్టలూడిపోయిన పుస్తకం ఒకటి దొరికింది. దాని పేరేమిటో, రాసిందెవరో తెలియదు, మొదటి పేజీలు ఎప్పుడో చిరిగిపోయాయి. రెండువేల ఏళ్లకు పైబడి కిందట చైనాలో బతికిన ఆలోచనాపరుల గురించి అది. అందులో ఇద్దరు పెద్దమనుషులు ఈయనకు తెగ నచ్చేశారు. ఒకాయన మర్యాద మనిషి. తండ్రి దగ్గర కొడుకులా, కొడుకు దగ్గర తండ్రిలా, ఎవరి దగ్గర ఎలా ఉండాలో అలా ఉండు, రోజూ చేసే పనిని రోజూ శ్రద్ధగా చెయ్యి, లోకం తనంతట అదే బాగుపడుతుంది అనేవాడట. ఇంకొకాయన దానికి అడ్డం. దేన్నీ బలవంతం చెయ్యొద్దు, ప్రతిదానికీ దాని దారి ఒకటుంటుంది, నువ్వు అడ్డం పడకపోతే సగం పనులు వాటంతటవే జరుగుతాయి అనేవాడట. ఆ ఇద్దరికీ మా ఆయనే పేర్లు పెట్టుకున్నాడు: మర్యాద తాత, వదులు తాత.

ఇక చూడండి మా ఇల్లు. చెప్పులు వంకరగా విడిస్తే మర్యాద తాత. పాలు ఎప్పుడు పొంగుతాయా అని నేను గిన్నె ముందు నిలబడితే వదులు తాత. స్టేషన్లో ఆయన్ను 'చైనా దస్తగిరి' అనేవాళ్లు.

"చైనావోళ్లు మనమింద యుద్ధానికి వచ్చినోళ్లు గదప్పా, వాళ్ల మాటలు నీకేల?" అని తోటి మనిషి ఆటపట్టిస్తే, "ఈ తాతలు రాలేదు లేన్నా, వాళ్లు పోయి రెండువేల ఏండ్లు దాటిండాది" అని ఈయన చాలా నిదానంగా జవాబు చెప్పేవాడు.

నేను నవ్వేదాన్ని. జబ్బు వచ్చేదాకా ఆ తాతలతో నాకేం పేచీ లేదు.

తర్వాత రోజు పొద్దునా అదే. ఆ తర్వాతా అదే. పగలు బాగానే ఉండేదాన్ని, తెల్లవారేసరికి రొమ్ము మీద బండ పెట్టినట్టు. వీధిలో ఒకావిడ చాటుగా మరొకావిడతో, "క్షయ ఏమో" అనడం నా చెవిన పడింది. మా అమ్మ నా చిన్నప్పుడే క్షయతో పోయింది. ఆ మాట విన్నాక నాకు అన్నం దిగలేదు. నా కడుపులో బిడ్డ కూడా అమ్మ లేకుండానే పెరుగుతుందా అని ఆ రోజంతా ఏడ్చాను.

పెద్దాసుపత్రిలో స్పుటమ్ టెస్ట్, అంటే కళ్లె పరీక్ష, చేశారు. ఎక్స్-రే తీస్తారా అని మా ఆయన అడిగితే డాక్టరు, "కడుపుతో ఉంది కదా, ఇప్పుడొద్దు. ముందు స్పుటమ్ చూద్దాం" అన్నాడు. ఆ రిజల్ట్ వచ్చేదాకా నేను నా గ్లాసు, నా కంచం విడిగా పెట్టుకున్నాను. నెగటివ్ వచ్చింది. "టీబీ కాదు. బ్రాంకైటిస్ లాగా ఉంది" అని మాత్రలు రాసిచ్చాడు. బతికానురా దేవుడా అనుకున్నాను. మాత్రలు మింగాను. పిల్లికూతలు మాత్రం మానలేదు.

ఇక్కడ పరుపు సంగతి చెప్పాలి.

మాది హిందూపురంలో దూదేకుల ఇల్లు. ఇంటి దూలానికి పెద్ద విల్లు వేలాడుతూ ఉంటుంది. నారిని దూదిలో ఉంచి, చేతిలోని కట్టెతో నారి మీద కొడితే టంగుమని మోగి, ముద్దకట్టిన దూది పువ్వులాగా లేస్తుంది. అమ్మ పోయాక నన్ను నాయన, అవ్వ పెంచారు. నాకు విల్లు పట్టుకోవడం నేర్పినప్పుడు నేను ఉడుకుమోత్తనంతో కట్టె పెట్టి దూదినే బాదేదాన్ని. నాయన నవ్వి, "దూదిని కొట్టేది కాదు పాపా, నారిని కొట్టు. కొట్టి ఊరుకో. దూది తనంతట అదే విచ్చుకుంటాది" అనేవాడు.

మా ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. కూతురు తొలిచూలు కడుపుతో ఉందంటే తండ్రి తన చేత్తో పరుపు చేసి మోసుకుపోయి ఇవ్వాలి. కొత్త దూదితో పాటు ఇంట్లో పెద్దవాళ్లు పడుకున్న పాత పరుపులోంచి కొంత దూది తీసి, ఏకి, కలపాలి. పెద్దల ఆయుస్సు బిడ్డకు కలుస్తుందని నమ్మకం. మా అవ్వ అంతకు ముందటేడే పోయింది. నాయన ఆమె పరుపు విప్పి, ఆ దూది ఏకి, కొత్తదానిలో కలిపి కుట్టి, హిందూపురం నుంచి ప్యాసింజరు బండిలో భుజాన వేసుకుని వచ్చాడు. దాని మీద నన్ను కూర్చోబెట్టి, "మీ అవ్వ ఒళ్లో పండుకున్నట్లుంటాది చూడు" అన్నాడు. నిజంగానే అలాగే ఉంది. నేను పొయ్యి ఊదలేకపోయింది ఆ వారంలోనే.

రెండింటికీ సంబంధం ఉంటుందని మాలో ఎవరికి తోస్తుంది? దూదిలో పుట్టి దూదిలో పెరిగినదాన్ని. చేపకు నీళ్లు పడలేదంటే ఎవరు నమ్ముతారు?

ఆరో నెలలో పెనుకొండలో బాబయ్య దర్గా ఉరుసుకు పోయాం. మా వదిన, అంటే మా ఆయన అక్క, ఆ ఊళ్లోనే ఉంటుంది. ఇంటి నిండా చుట్టాలు. అందరితో పాటు చాప మీద పడుకున్నాను. తెల్లవారి లేస్తే దగ్గు లేదు! రెండో పొద్దు కూడా లేదు. వదిన పొయ్యి నేనే ఊదాను. అందరూ బాబయ్య మహిమ అన్నారు. నేనూ అన్నాను. మా ఆయన మాత్రం తన వదులు తాత మహిమ అన్నాడు, నేను జబ్బును పట్టించుకోవడం మానేశానట, అది తగ్గిందట.

ధర్మవరం తిరిగొచ్చి ఆ పరుపు మీద పడుకున్నాను. తెల్లవారేసరికి నా పెదాలు నీలంగా ఉన్నాయి.

ఊపిరి ఆడకపోవడమంటే ఏమిటో తెలియనివాళ్లకు చెప్పడం కష్టం. గాలి అందదు కాబట్టి ఇంకా లాగుతాం. లాగేకొద్దీ లోపల ఇరుక్కుంటుంది. మెడ నరాలు పొంగుతాయి. పడుకోలేం, ముందుకు వంగి మోకాళ్ల మీద చేతులు ఆనించి కూర్చోవాలి. బిడ్డ కడుపులో తన్నడం మానేసిందేమోనని అనుమానం వస్తే చెయ్యి వేసి చూసుకునే ఓపిక కూడా ఉండదు. మా ఆయన నా వీపు రాస్తూ, "లాక్కోవద్దు, వదిలెయ్, వదిలెయ్" అంటున్నాడు.

"మీ చైనా తాతకు ఎప్పుడన్నా ఊపిరాడక పోయిందేమయ్యా?" అని కసిరాను. మధ్యలో ఆగి ఆగి కసిరాను.

పెద్దాసుపత్రి డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి, "ఇది బ్రాంకైటిస్ కాదమ్మా. హిందూపురంలో లేడీ డాక్టర్ ఉన్నారు, కాన్పుకు ఎలాగూ పుట్టింటికే పోతావు కదా, ఇప్పుడే పో" అన్నాడు.

హిందూపురం డాక్టరమ్మ ముసలిది, మాట కరుకు. స్టెతస్కోపు వీపు మీద పెట్టి చాలాసేపు విన్నది. "లోపల పిల్లికూతలు, వీజింగ్ బాగా ఉంది. ఇది బ్రాంకియల్ ఆస్త్మా. ఉబ్బసం. ఏం పని చేస్తారు మీ ఇంట్లో?"

నాయన చేతులు కట్టుకుని, "దూదేకుతామమ్మా" అన్నాడు.

"ఈ అమ్మాయి ఉన్నన్నాళ్లు ఇంట్లో ఏకడం కుదరదు."

నాయన తల ఊపి అప్పుడే బయల్దేరాడు. ఆ సాయంత్రానికే దూలానికి ఉన్న విల్లు దించి, ఊరి చివర స్నేహితుడి పాకలోకి మార్చేశాడు. ఆయన తాతల కాలం నుంచి అక్కడే వేలాడిన విల్లు అది.

ఆయన బయటికి వెళ్లాక డాక్టరమ్మ మా ఇద్దర్నీ అడిగింది, "పడక దేని మీద?" మా ఆయన చెప్పాడు. పాత దూది కలిసిందన్న సంగతి కూడా చెప్పాడు. ఆమె కలం కింద పెట్టింది. "ఆ పరుపే నీ జబ్బు. డస్ట్ అలర్జీ. దాన్ని ఇంట్లోంచి తీసెయ్యండి. చాప మీద పడుకో. ఈ ట్యాబ్లెట్స్ వేళ తప్పకూడదు. కడుపులో బిడ్డకు మందుల కంటే నీకు గాలి ఆడకపోవడమే ఎక్కువ ప్రమాదం. ఇంకోసారి ఇలాంటి అటాక్ వస్తే ఇద్దరికీ నేను గ్యారంటీ ఇవ్వలేను."

బయట వేపచెట్టు కింద నిలబడి మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది మా పని.

"విల్లు దించేకి పోయినాడు మామ" అన్నాడు మా ఆయన. "అవ్వ దూది కూడా పనికిరాదు అంటే ఆ మనిషి ఏమైపోతాడు? పరుపు ధర్మవరంలోనే ఉండాది గదా, ఈడ చాప మీద పండుకో. టైము చూసి నేను చెప్తా."

మర్యాద తాత మాట అది. మామ మనసు నొప్పించకూడదు. నాకూ అదే సులువనిపించింది.

కానీ నాయన ఊరుకునే మనిషి కాదు. కాన్పుకు వచ్చిన బిడ్డ చాప మీద పడుకోవడమేమిటని మర్నాడే రైలెక్కి ధర్మవరం పోయి, పరుపు భుజాన వేసుకుని తెచ్చేశాడు. మా ఆయన డ్యూటీలో ఉన్నాడట. ప్రయాణంలో నలిగిందని పాకకు తీసుకుపోయి ఒకసారి ఏకి, కుట్టి, నా గదిలో పరిచాడు. నేను దాని మీద పడుకున్నట్టు పడుకుని, ఆయన పక్కకు పోగానే చాప మీదికి దిగేదాన్ని. తెల్లవారి నన్ను కింద చూసి, ఏమీ అడక్కుండా, గడ్డలు కట్టిందేమోనని మళ్లీ పాకకు తీసుకుపోయి ఏకుకొచ్చాడు. మళ్లీ నేను కింద. మళ్లీ ఆయన ఏకడం. మేం ఎంత దాస్తే ఆయన అంత ఏకాడు. పాత దూది ఏకేకొద్దీ పొడిపొడిగా అయి, గుడ్డలోంచి సన్నని నుసి రాలుతుంది. గదిలో ఆ నుసి వెలుగులో తేలడం నాకు కనిపించేది. మాత్రలు ఉన్నాయి కాబట్టి లాక్కొస్తున్నాను.

ఆదివారం మా ఆయన వచ్చేవాడు. "చెప్పినావా?" అని నేను కళ్లతో అడిగితే, నాయన పరుపు దులుపుతూ కనిపించేవాడు, ఈయన చూపు తిప్పుకునేవాడు. వదులు తాత మాట గుర్తొచ్చేదేమో మరి, వదిలేసేవాడు. ఇద్దరు తాతలూ కలిసి మా ఆయన నోరు కుట్టేశారని నాకు ఒళ్లు మండింది. "ఆ పుస్తకం ఈడ పెట్టిపో, వాళ్లు ఏం చెప్పినారో నేను జూస్తా" అని లాక్కున్నాను.

చదివాను. గోడకు ఆనుకుని, ఊపిరి ఎగపోసుకుంటూ చదివాను. మర్యాద తాత పెద్దల మాట దాటొద్దని మాత్రమే అన్నాడని మా ఆయన చెప్పేవాడు. అది సగమే. తండ్రి తప్పు దారిలో పోతుంటే కొడుకు మెల్లగా చెప్పాలి, వినకపోతే మర్యాద తగ్గకుండా మళ్లీ చెప్పాలి అని కూడా ఆయన అన్నట్టు అందులో ఉంది. మా ఆయన ఆ పేజీ చదవలేదా? చదివే ఉంటాడు. మనకు కష్టమైన మాట మన కళ్లకు ఆనదు. వదులు తాత కూడా చేతులు ముడుచుకుని కూర్చోమనలేదు. బలవంతం చెయ్యొద్దన్నాడు, అంతే. ఆదివారం ఈయన రాగానే ఇద్దరం కలిసి నాయనకు చెప్పాలని నిశ్చయించుకున్నాను.

ఆదివారం దాకా ఆగలేదు నా ఊపిరి.

ఆషాఢం గాలి మీకు తెలుసు కదా, మా సీమలో మనిషిని తోసేస్తుంది. ఆ మధ్యాహ్నం పాకలో గాలికి దూది నిలవక, నాయన పరుపు ఇంటి వెనక దొడ్లోకి తెచ్చి విప్పాడు. దొడ్డి ఇంటి లోపల కాదు, గోడ చాటూ ఉంటుంది కదా అని ఆయన ఆలోచన. గాలి సుడి తిరిగింది. దూది, నుసి, అవ్వ పరుపులోని పాతికేళ్ల దుమ్ము అంతా తలుపులోంచి నా మీదికి వచ్చింది. కేక కూడా రాలేదు నాకు. చేతికందిన సత్తు గ్లాసు గోడకేసి కొట్టాను.

నాయన పరుగెత్తుకొచ్చి, నన్ను ఎత్తుకుని జట్కాలో కూర్చోబెట్టాడు. తన రొమ్ముకు ఆనించుకుని, "పాపా, పాపా" అంటున్నాడు. ఆయన చొక్కా నిండా దూది నుసి. నేను లాగే ప్రతి ఊపిరితో అదే లోపలికి పోతోంది. నా ఒంట్లో మిగిలిన బలమంతా పెట్టి నాయన్ను నెట్టేశాను.

ఆయన మొహం చూడలేకపోయాను. ఎందుకు నెట్టానో చెప్పడానికి మాట లేదు. ఆయన మెల్లగా జరిగి, బండివాడి పక్కకు పోయి కూర్చుని, అక్కడి నుంచి వెనక్కి తిరిగి నన్నే చూస్తున్నాడు. నేను గాలిని లాగుతున్నాను, లాగుతున్నాను, రావడం లేదు. కళ్ల ముందు చీకట్లు కమ్ముతున్నాయి. బిడ్డ కదలడం లేదు.

అప్పుడు నాయన గట్టిగా అన్నాడు, "దూదిని కొడతాండావే పాపా! నారిని కొట్టు. కొట్టి ఊరుకో!"

నా చిన్నప్పటి చెయ్యి కొట్టడం ఆపేసింది. లాగడం మానేశాను. పెదాలు సున్నాలా చుట్టి, ఊదుగొట్టంలోకి ఊదినట్టు, ఉన్న కాస్త గాలినీ సన్నగా వదిలాను. ఊరుకున్నాను. గాలి తనంతట అదే కొంచెం లోపలికి వచ్చింది. కొంచెమే. మళ్లీ వదిలాను. మా ఆయన ఎన్నిసార్లు చెప్పాడు ఈ మాట, నేను కసిరాను. చెప్పింది అదే, నాకు తెలిసిన మాటలో వచ్చేసరికి ఒంటికి అర్థమైంది.

దాంతో జబ్బు తగ్గిపోయిందనుకోకండి. ఆసుపత్రి గేటు దాకా బతికించింది, అంతే. తర్వాత పని అమినోఫిలిన్‌ది, ఆక్సిజన్‌ది. డాక్టరమ్మ నరంలోకి ఇంజెక్షన్ నిదానంగా, చాలా నిదానంగా ఎక్కిస్తూ, "గుడ్, అలాగే వదులు. ఎవరు నేర్పారు నీకు?" అంది. నాకు జవాబిచ్చే ఓపిక లేదు. తర్వాత ఆమె చిన్న గొట్టం నా కడుపు మీద ఆనించి, చెవి పెట్టి, కళ్లు మూసుకుంది. ఒకచోట విన్నది. జరిపింది. ఇంకోచోట విన్నది. నర్సు కూడా ఊపిరి బిగబట్టింది. నా జీవితంలో అంత పొడుగు నిమిషం ఇంకోటి లేదు.

"హార్ట్‌బీట్ ఉంది" అంది డాక్టరమ్మ.

కబురందుకుని మా ఆయన దొరికిన గూడ్సు బండి గార్డును బతిమాలి వచ్చాడు. నా మంచం పక్కన నిలబడి, "నేనే చెప్పింటే" అని మాత్రం అన్నాడు. గుమ్మం దగ్గర నాయన. లోపలికి రాలేదు. నేను నెట్టేశానని గుమ్మంలోనే నిలబడ్డాడు.

మా ఆయన నోరు తెరిచాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఇది నేను చెప్పాల్సిన మాట.

"నాయనా, పరుపు."

"పరుపుకేమైందమ్మా? మెత్తగా లేదా?"

"బో మెత్తగుండాది. అందుకే చెప్పలేకపోతిమి. దాంట్లో దుమ్ము నాకు పడదు నాయనా. డాక్టరమ్మ మొదటి దినమే చెప్పింది."

నాయన ఆ మాటే పట్టుకున్నాడు. "మొదటి దినమే" అన్నాడు. తర్వాత తన అరచేతులు చూసుకున్నాడు. "నువ్వు కింద పండుకుంటాంటే గడ్డలు కట్టినాయనుకుంటి. ఏకితే మెత్తగైతాదనుకుంటి. మళ్లా ఏకితి. మళ్లా ఏకితి గదమ్మా."

ఏడ్చాడు. నాయన ఏడవడం అమ్మ పోయినప్పుడు చూశాను, మళ్లీ అప్పుడే చూశాను. నేనూ ఏడ్చాను, డాక్టరమ్మ వచ్చి ఏడిస్తే మళ్లీ వీజింగ్ వస్తుందని కేకలేసేదాకా.

మా ఆయన ఓదార్చబోయి, "మామా, ఏమీ చేయకుండా ఉండేది గూడా ఒక పెద్ద పనే అని చైనాలో ఒక తాత" అని మొదలుపెట్టాడు.

"ఆ తాతకు కూతురు ఉన్న్యాదా?" అన్నాడు నాయన.

ఆ సంగతి పుస్తకంలో లేదు, నేను చదివాను.

"ఏమీ చేయకుండా ఉండేది నాకు యాడొస్తాది అల్లుడా. పుట్టినప్పటినుంచి ఏకిన చేతులివి" అని వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

నెలలు నిండాక అదే ఆసుపత్రిలో కాన్పయింది. ఆడపిల్ల. నొప్పుల మధ్య కూడా ఒకసారి రొమ్ము బిగిసింది, ఇంజెక్షన్ సిద్ధంగానే ఉంది కాబట్టి గండం గడిచింది. నాయన రోజూ వచ్చి కిటికీ అవతల నిలబడి చూసి పోయేవాడు. రమ్మంటే రాలేదు. దూది ఇంటికి పచ్చి బాలింతను తీసుకుపోవద్దని డాక్టరమ్మ అంటే, పెనుకొండలో వదిన ఇంటికి పోయాం.

నలభయ్యో రోజు వదిన ఇంట్లో బిడ్డను ఉయ్యాల్లో వేసే తొట్టిలి వేడుక చేశారు. ఆ రోజు తల్లి తరఫు తాత బిడ్డకు చిన్న పరుపు, దిండు, బొంత తేవాలి. దూదేకుల ఇంట్లో ఇంకా ముఖ్యం. చుట్టాలందరూ గుమ్మం వైపే చూస్తున్నారు. నాయన స్టేషను నుంచి నడిచి వచ్చాడు. భుజం మీద ఏమీ లేదు. చంకలో ఒక చిన్న సంచి. తిన్నగా దొడ్లోకి పోయి, బావి దగ్గర తలారా స్నానం చేసి, సంచిలోంచి ఉతికిన పంచె, కొత్త చొక్కా తీసి కట్టుకుని, అప్పుడు గడప దాటాడు.

"ఏమి హుసేనప్పా, ఉత్తచేతుల్తో వస్తివే? మనవరాలికి పరుపు లేదా?" అని ఒక ముసలమ్మ గట్టిగానే అడిగింది.

"తేలేదమ్మా" అన్నాడు నాయన. "కావాలనే తేలేదు."

బిడ్డను భుజాన వేసుకుని నా పక్కన కూర్చున్నాడు. నేను ఆయన రొమ్ము మీద తల ఆనించాను. దీర్ఘంగా ఊపిరి పీల్చాను. సబ్బు వాసన వచ్చింది. అంతే, ఇంకేమీ రాలేదు. నాయన చెయ్యి నా తల మీద కదలకుండా ఉంది.

ఇప్పుడు ఎనభైలు సగం దాటాయి. మా అమ్మాయి ధర్మవరంలో బడికి పోతోంది, చలికాలంలో తుమ్ములే తప్ప దానికి ఊపిరి ఇబ్బంది లేదు. నాకు ఉబ్బసం పోలేదు. ఇది పోయే జబ్బు కాదు, అదుపులో ఉండే జబ్బు. చాప మీద పడుకుంటాను. ఇప్పుడు ఇన్‌హేలర్ వచ్చింది, దిండు పక్కనే ఉంటుంది. మాత్ర వేళ తప్పకుండా వేసుకోవడం మర్యాద తాత పని, ఆయాసం వచ్చినప్పుడు గాలిని లాక్కోకుండా వదలడం వదులు తాత పని అని మా ఆయన పంచిపెట్టాడు. ఈ పంపకం మాత్రం నేను ఒప్పుకున్నాను. ఒకరి పనికి ఇంకొకరిని పెడితేనే చిక్కు. మాత్రను వదిలేసినా, ఊపిరిని బలవంతం చేసినా ఆసుపత్రికే పోతాం.

నాయన ఇంకా ఏకుతున్నాడు. ఊళ్లోకి ఫోమ్ పరుపులు వచ్చి బేరాలు తగ్గాయి, అయినా విల్లు వదల్లేదు. అవ్వ పరుపు ఏమయిందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

తోటి ఉబ్బసం రోగులకు నేను చెప్పగలిగింది ఒకటే. మందులు డాక్టర్లు చెబుతారు. డాక్టరు వద్దన్న వస్తువు మీకు ప్రేమగా ఇచ్చిన మనిషి ఒకరుంటే, ఆ సంగతి వాళ్లకు ఆ రోజే చెప్పండి. మీరే చెప్పండి, మెల్లగా చెప్పండి, కానీ టైము చూసి చెబుదామని వాయిదా వెయ్యకండి. వాళ్లు ఏడుస్తారు. ఏడవనివ్వండి. తర్వాత ఏం చెయ్యాలో వాళ్లే కనుక్కుంటారు. మా వాకిట్లో నీళ్ల తొట్టి పక్క మేకుకు నాయన చొక్కా, పంచె ఒక జత ఎప్పుడూ ఉతికి తగిలించి ఉంటాయి. రైలు దిగి వచ్చి, స్నానం చేసి, అవి కట్టుకుని, ఉత్తచేతుల్తో లోపలికి వస్తాడు.